దోసె పెనం మీద నూనె పందెం

ఆళ్లగడ్డలో డాక్టర్ మత్తయి ఇంటి గేటు తోసుకుని లోపలికి అడుగుపెట్టేసరికి లూదియా చేతి గడియారంలో పదీ ముప్పై ఐదు. ఒంటిగంటకు బుడేన్ మేస్త్రీని పోలీసులకు అప్పజెప్పాలని అప్పటికే నిర్ణయం అయిపోయింది. అంటే మిగిలింది రెండు గంటల ఇరవై ఐదు నిమిషాలు. తొమ్మిదేళ్లు నంద్యాల మిషన్ స్కూల్లో సైన్సు చెప్పి, ఆ తరవాత డిటెక్టివ్ బోర్డు కట్టుకున్న మనిషి కనుక ఆ సమయాన్ని ఆమె పీరియడ్లలో లెక్కేసుకుంది. మూడు పీరియడ్లు, ఒక ఇంటర్వెల్లు. చాలు.

వెనకాలే పనిముట్ల సంచీ మోసుకుంటూ బుడేన్ వస్తున్నాడు. యాభై దాటిన మనిషి. నంద్యాలలో ఆయన షెడ్డు తెలియని డ్రైవరు లేడు. పొద్దున తొమ్మిదికి ఆమె గది మెట్లెక్కి వచ్చి, కుర్చీలో కూడా కూర్చోకుండా, "టీచరమ్మా, నా పేరు పోతాండాది. బేగా రా," అన్నాడు. అంతే. మిగతాదంతా బస్సులో చెప్పాడు.

వేపచెట్టు నీడలో నిలబడి ఉంది కారు. ఎర్రటిది, రెండే సీట్లు, పైకప్పు లేదు. పదిహేనేళ్లు ఆఫ్రికాలో మిషన్ ఆసుపత్రి నడిపిన మత్తయి, రిటైరై వస్తూ ఓడలో వెంట తెచ్చుకున్న పందెపు కారు అది. రేపు ఆదివారం పొద్దున ఎనిమిదికి నంద్యాలలో బయలుదేరి, ఆళ్లగడ్డ, కడప మీదుగా మద్రాసు చేరే కార్ల పందెంలో దాని నంబరు పన్నెండు. అరవై రెండేళ్ల డాక్టరు ఆ పందెం కోసం ఆరు నెలలుగా చిన్నపిల్లాడిలా రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు.

వరండాలో కుర్చీ వేసుకుని ఫైలు రాసుకుంటున్న సన్నటి మనిషి తల ఎత్తాడు.

"మీరేనా లూదియా గారు? నేను ఆనందరావు. పందెం కోసం ఇన్సూరెన్సు కంపెనీ తరపున నిన్ననే హైదరాబాదు నుంచి వచ్చాను. మీకు శ్రమ ఇచ్చారు. కేసు అయిపోయింది."

"అయిపోయిన కేసు చూడాలంటే నాకు శానా ఇష్టం సార్. చూపిస్తారా?"

ఆనందరావు ఫైలు మూశాడు. "నిన్న సాయంత్రం నాలుగింటికి నంద్యాలలో తన షెడ్డులో ఈ మేస్త్రీ ఇంజన్ ఆయిలు మార్చాడు. ఇవాళ పొద్దున డాక్టరు గారు కారు తీసుకుని బయల్దేరారు. సిరివెళ్ల దగ్గరికి రాగానే ఆయిల్ ప్రెషర్ పడిపోయింది. మంచి ఆయిలు డబ్బాలు దాచుకుని, కారులో ట్రాక్టరు ఆయిలు పోశాడు. అతని షెడ్డులో సగం వాడిన ట్రాక్టరు ఆయిలు డబ్బా దొరికింది. ఇదిగో." కుర్చీ కింద నుంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు.

"షెడ్డుకు ట్రాక్టర్లు రావా సార్?" అన్నాడు బుడేన్. "మంగలోని కాడ కత్తి దొరికిందని కూనీ కేసు పెడ్తావా?"

లూదియా నవ్వు ఆపుకుంది. లోపలి నుంచి మత్తయి వచ్చాడు. "వందనాలమ్మా," అన్నాడు దిగులుగా. ఆమె ఆయన్ని కారు దగ్గరికి తీసుకెళ్లింది.

"డాక్టరుగారూ, రోగి మీ కారు. మీరే చెప్పండి, జ్వరం ఎప్పుడొచ్చింది, ఎప్పుడు దిగింది?"

ఆ ప్రశ్నకు డాక్టరు ముఖం కాస్త తేటపడింది. "ఆరున్నరకు నంద్యాలలో ఎక్కినా. ప్రెషరు ముల్లు అరవై మింద ఉండాది. ఖాళీ రోడ్డు కదా, రోంత తరిమినా. సిరివెళ్ల దగ్గరకొస్తానే ముల్లు పదికి పడిపోయె. ఇంజన్ ఆపి టీ తాగినా. పది నిమిషాల తరవాత స్టార్టు చేస్తే మళ్లా యాభై ఐదు. నిదానంగా వచ్చినా. ఊళ్లోకి వచ్చేముందు ఒక బస్సును దాటినా చూడు, మళ్లా పది."

"టీ తాగినంక ఇంజన్ చల్లారిందా?"

"యాడ చల్లారుతుందమ్మా. బానెట్ మింద చెయ్యి పెడితే కాలె."

లూదియా ఆ మాటను రెండుసార్లు మనసులో తిప్పుకుంది. ఇంజన్ వేడిగానే ఉంది. అయినా ముల్లు మళ్లీ పైకి లేచింది. ఆ సంగతి ఆనందరావు ఫైలులో ఎక్కడా ఉండదని ఆమెకు తెలుసు.

"మేస్త్రీ, ఏ ఆయిలు పోస్తివి?"

"ఇరవై-యాభై నంబరుది. సీలున్న డబ్బాలు డాక్టరుగారే తెచ్చిచ్చినారు. నాలుగున్నర లీటర్లు కొలిచి పోసినా. ఒక డబ్బా మిగిలింది, ఇదో, సీలు కూడా తీయలా." సంచీలోంచి డబ్బా తీసి చూపించాడు.

ఆనందరావు లేచి వచ్చాడు. "అదీ తప్పే. కారు పుస్తకం నేను చదివాను. అందులో ఇరవై-ముప్పై పోయమని ఉంది. పుస్తకంలో లేని ఆయిలు పోయడానికి ఈయనెవరు?"

"ఆ పుస్తకం మంచు కురిసే దేశంలో రాసినారు సార్," అన్నాడు బుడేన్. "ఆడ పొద్దున్నే ఇంజన్ గడ్డకట్టి ఉంటాది, పల్చటి ఆయిలు కావాల. ఈడ ఫిబ్రవరికే మాడు పగులుతాండాది. ఇంజన్ కాగినప్పుడు పల్చటి ఆయిలు నీళ్లయిపోతాది. బేరింగుల మధ్య నిలవదు. ఇరవై-యాభై అయితే చల్లగున్నప్పుడు పారతాది, కాగినా చిక్కగా నిలబడతాది. చలికి దుప్పటి, ఎండకు తుండుగుడ్డ. మనిషికొక లెక్క, ఇంజనుకొక లెక్కా?"

"అదంతా మాటలు."

"మాటలొద్దు," అంది లూదియా. "పందెం పెడదాం. జీవమ్మా, నీ దోసె పెనం రోంత ఇస్తావా?"

వంటింటి గుమ్మంలో నిలబడి అంతా వింటున్న జీవమ్మ డాక్టరు ఇంట్లో పన్నెండేళ్లుగా వంట చేస్తున్న మనిషి. ఆమె బుగ్గలు నొక్కుకుంది. "అయ్యో టీచరమ్మా, ఆ పెనం మింద మిసనాయిలా?"

"కొత్త పెనం నేను కొనిస్తా." జీవమ్మ ఒక్క క్షణం ఆలోచించి, పెనం తెచ్చి ఇచ్చింది.

మత్తయి తన పెద్ద గాజు సిరంజికి రబ్బరు గొట్టం తగిలించి, ఆయిలు కొలిచే పుల్ల దూర్చే బెజ్జంలోంచి కారు ఆయిలు కొంచెం పీల్చాడు. రోగి రక్తం తీసినంత శ్రద్ధగా తీశాడు. పుల్ల పక్కన పెడుతుంటే లూదియా దాన్ని తీసుకుని చూసింది. ఆయిలు పైగీతకు అర వేలు పైన ఉంది.

"మేస్త్రీ, నాలుగున్నర లీటర్లే పోస్తివా?"

"చుక్క ఎక్కువ పోయలా. నిన్న నేనూ చూసినా. నేల వాలుగా ఉండాదేమో అనుకున్యా."

ఇక్కడ నేల చదునుగా ఉంది. లూదియా పుల్లను తుడిచి తిరిగి పెట్టింది.

పెనం నిప్పుల మీద కాగింది. నీటి చుక్క వేస్తే చుయ్యిమంది. ఒక పక్క ఇటుక ముక్క పెట్టి దాన్ని వాలుగా నిలబెట్టారు. పై అంచున మూడు చెంచాలు సిద్ధమయ్యాయి. ఒకదానిలో ఆనందరావు పట్టుకొచ్చిన ట్రాక్టరు ఆయిలు, రెండో దానిలో సీలు విప్పిన కొత్త ఆయిలు, మూడో దానిలో కారులోంచి తీసింది. లూదియా గడియారం చూసి "వన్, టూ, త్రీ" అంది, స్కూల్లో పరుగుపందెం పెట్టినట్టు.

ట్రాక్టరు ఆయిలు నాలుగు సెకన్లలో కింది అంచుకు జారింది. మిగతా రెండూ జంట ఎడ్లలా పక్కపక్కనే దిగాయి. కొత్తది తొమ్మిది సెకన్లు. కారులోది తొమ్మిది.

"గెలిచె!" అని జీవమ్మ చప్పట్లు కొట్టింది. ఎవరు గెలిచారో ఆమెకు తెలియదు గానీ బుడేన్ ముఖం చూసి కొట్టింది. డాక్టరు కూడా చప్పట్లు కొట్టాడు.

ఆనందరావు రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "సరే. ఆయిలు మంచిదే. అయితే బేరింగులు అరిగాయి. లేదా మీటరే తప్పు చూపిస్తోంది. ఏదైనా మేస్త్రీ పనితనమే."

"మీరు ఓడిపోయినప్పుడల్లా గీత జరుపుతాండారు సార్. జరపండి. గంటన్నర టైముంది," అంది లూదియా. అప్పుడు పదకొండున్నర.

బుడేన్ సంచీలోంచి తన సొంత మీటరు తీశాడు. ఇత్తడి చుట్టు ఉన్న పాత మీటరు, సన్నటి రాగి గొట్టం. దాన్ని ఇంజనుకు బిగించి డాక్టరును స్టార్టు చేయమన్నాడు. రెండు ముళ్లూ ఒక్కసారే అరవైకి లేచాయి.

"మీటరు తప్పు కాదు," అంది లూదియా. "డాక్టరుగారూ, తొక్కండి."

ఇంజన్ గర్జించింది. వేపచెట్టు మీది కాకులు లేచిపోయాయి. రెండు నిమిషాలు ముళ్లు కదల్లేదు. మూడో నిమిషంలో వణికాయి. ఆ తరవాత రెండూ కలిసి నలభై, ఇరవై ఐదు, పది.

"ఆపండి!"

డాక్టరు ఇంజన్ ఆపాడు. లూదియా గడియారం చూస్తూ కారు చుట్టూ పచార్లు చేసింది. పది నిమిషాలు. మళ్లీ స్టార్టు చేయించింది. ఇంజన్ ఇంకా సెగలు కక్కుతూనే ఉంది. ముళ్లు యాభై ఐదు మీద నిలబడ్డాయి.

ఆమె ఆనందరావు వైపు తిరిగింది. కళ్లు మెరుస్తున్నాయి. సరైన జవాబు దగ్గరికొచ్చిన విద్యార్థిని చూసినప్పుడు ఆమెకు కలిగే సంతోషం అది. ఈసారి ఆ విద్యార్థి తనే.

"సార్, అరిగిన బేరింగులు పది నిమిషాలు పడుకుని లేస్తే కొత్తవవుతాయా?"

"కావు."

"పల్చటి ఆయిలు వేడి తగ్గకుండానే చిక్కపడుతుందా?"

"పడదు."

"మరి, ఇంజన్ ఉరికినప్పుడు పడిపోయి, ఆపితే తిరిగి వచ్చేది ఏంది? ఇంజన్ అడుగున ఆయిలు నిలిచే తొట్టి ఉంది. మేస్త్రీలు ఛాంబరంటారు. పంపు నోటికి జాలీ ఉంటుంది, అందులోంచి ఆయిలు పీలుస్తుంది. గట్టిగా పీల్చినప్పుడు ఏదో వచ్చి ఆ జాలీకి అతుక్కుంటాంది. పంపు ఆగితే విడిచి కింద పడుతాంది. నాలుగున్నర లీటర్లే పోస్తే పుల్ల మీద అర వేలు ఎక్కువ ఎందుకు చూపిస్తాంది? నిండు బిందెలో రాయి వేస్తే నీళ్లు పైకి రావా?"

బుడేన్ నోరు తెరిచాడు. "ఛాంబర్లో ఏందో ఉండాది!"

"నువ్వు ఛాంబరు విప్పినావా?"

"ఈ కారుది జన్మలో విప్పలా. కింద బోల్టు తీసి పాత ఆయిలు వదిలి, పైనుంచి పోసినా. అంతే."

ఆమె చాప వేయించుకుని, చీర కొంగు నడుముకు బిగించి, కారు కిందికి జరిగింది. టార్చి వేసింది. ఛాంబరు అంచు చుట్టూ ఉన్న బోల్టుల తలలకు పాత మురికి లేదు. స్పానరు పట్టిన తాజా గీతలున్నాయి. బయటికి వచ్చి చెప్పింది, "విప్పినారు. వారం దాటలేదు. జీవమ్మా, ఈ వారంలో కారు దగ్గరికి ఎవరన్నా వచ్చినారా?"

"గురువారం వచ్చె కదమ్మా ఒకాయప్ప. పందెం కంపెనీ నుంచంట."

"ఎన్నింటికి?"

"అయ్యగారు ఉయ్యాలవాడ క్యాంపుకు పోయినంక. పదిగంటల బస్సు పోయె, అప్పుడొచ్చె. నేను అన్నం వార్చేదాకా కారు కిందనే పండుకోనుండె. పన్నెండున్నర అయి ఉంటాది. చెకింగంట. నల్లగా, పొడుగ్గా, చేతికి బంగారు గడియారం."

ఆనందరావు ఫైలు చేతిలోంచి కిందికి జారింది. "ఆయన పందెం నడిపే క్లబ్బు ఇన్‌స్పెక్టరు దావీదు గారు. కానీ చెకింగు రేపు పొద్దున కదా?"

"సార్," అంది లూదియా మెల్లగా, "ట్రాక్టరు ఆయిలు అనుమానం మీకు మీరే పడినారా, ఎవరన్నా చెప్పినారా?"

ఆనందరావు జారిన ఫైలు తీసుకున్నాడు. "డాక్టరు గారు ఎనిమిదింటికి క్లబ్బుకు ఫోను చేశారు. ఎనిమిదింబావుకు దావీదు గారు నంద్యాలలో నా గదికి వచ్చారు. మేస్త్రీ మీద అనుమానం చెప్పింది ఆయనే. కారు ఎవరూ విప్పకూడదు, ఒంటిగంటకు తనే లారీ తెచ్చి తీసుకెళతానన్నారు." ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "నన్ను దద్దమ్మను చేశారు."

"తనను తానే దద్దమ్మ అనుకున్న మనిషి దద్దమ్మ కాడు సార్. చొక్కా చేతులు మడవండి. జాకీ పట్టుకోవాల," అంది లూదియా.

పన్నెండూ పదికి మొదలుపెట్టారు. మంచి ఆయిలంతా జీవమ్మ ఇచ్చిన శుభ్రమైన తపేలాలోకి దిగింది. ఆనందరావు ఇస్త్రీ చొక్కాతో నేల మీద పడుకుని బోల్టులు లెక్కపెట్టాడు. ముక్కు మీద ఆయిలు చుక్క పడితే తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు. "పదమూడు, పద్నాలుగు. మేస్త్రీ, ఇంకెన్ని?"

"నువ్వు బాగనే చేస్తాండావే సార్. ఉద్యోగం పోతే షెడ్డుకు రా."

పన్నెండూ ముప్పై ఎనిమిదికి ఛాంబరు కిందికి దిగింది. అందులో, నల్లగా, తడిగా, పిడికిలంత పొట్లం ఒకటి. సైకిలు ట్యూబు ముక్కలో చుట్టి, రెండు కొసలూ దారంతో బిగించారు. ఒక కొస ఆయిలుకు ఉబ్బి, నాలుకలా మెత్తగా వేలాడుతోంది. జాలీకి అతుక్కున్నది అదే. పొట్లాన్ని ఛాంబరుకు కట్టిన ఇనప తీగ ఒకచోట కదలికకు తెగిపోయి ఉంది.

డాక్టరు తన చిన్న కత్తెరతో దారం కత్తిరించాడు. అరచేతిలో పదకొండు రాళ్లు పడ్డాయి. పటికబెల్లం ముక్కల్లా మసకగా ఉన్నాయి. ఒకదాన్ని లూదియా ఎండకు ఎత్తింది. లోపల నిప్పు కదిలింది.

"వానలకు చేలల్లో దొరికే రాళ్లు," అన్నాడు బుడేన్ గొంతు తగ్గించి. "వజ్రాలమ్మా ఇవి."

"పందెం కార్లను చెక్‌పోస్టులో ఆపరు," అన్నాడు ఆనందరావు. "క్లబ్బు జెండా చూసి గేటు ఎత్తేస్తారు. డాక్టరు గారు గెలిచినా ఓడినా సరుకు మద్రాసు చేరేది."

"నా కారును గాడిదను చేసినాడా!" మత్తయి మీసాలు అదిరాయి. మరుక్షణం ఆయన ముఖం విప్పారింది. "అంటే నా ఇంజనుకు ఏ రోగమూ లేదు?"

"గుర్రమే డాక్టరుగారూ," అంది లూదియా. "గొంతులో ముల్లు గుచ్చుకున్న గుర్రం."

ఆయన బుడేన్‌ను కౌగిలించుకున్నాడు. తెల్లచొక్కా మీద ఆయిలు మరక పడింది. బుడేన్ కళ్లు తుడుచుకుని, ఆ చేత్తోనే ముఖమంతా నల్లగా చేసుకున్నాడు. ఆనందరావు ఫైలులోని కాగితం తీసి నాలుగు ముక్కలు చేసి, "మేస్త్రీ గారూ, క్షమించండి," అన్నాడు. ఆయన నోట గారూ అని వినడం బుడేన్‌కు అదే మొదటిసారి.

గేటు బయట స్కూటరు ఆగిన చప్పుడైంది. పన్నెండూ నలభై ఏడు.

లూదియా రాళ్లను పెనం కింది చల్లారిన బూడిదలోకి తోసేసింది. ఖాళీ ట్యూబు ముక్కను మాత్రం బల్ల మీద పెట్టింది. పొడుగాటి మనిషి లోపలికి వచ్చాడు. చేతికి బంగారు గడియారం. జాకీ మీద లేచి ఉన్న కారునూ, నేల మీది ఛాంబరునూ చూసి అక్కడే నిలబడిపోయాడు.

"ఏందీ ఇది? కారు విప్పొద్దని చెప్పినా కదా సార్!"

"రండి దావీదు గారూ," అంది లూదియా చుట్టాన్ని పిలిచినట్టు. "మీ కోసమే చూస్తాండాం. చిత్రం చూడండి. ఛాంబర్లో పొట్లం దొరికిందని ఎంత సంబరపడినామో. విప్పితే లోపల ఏమీ లేదు. ఉత్త ట్యూబే."

దావీదు బల్ల మీది ట్యూబు వైపు ఒక అడుగు వేశాడు.

"ఖాళీనా? రెండూ ఖాళీనేనా?"

అందరి కళ్లూ ఆయన మీదికి తిరిగాయి. తను అన్నదేమిటో దావీదుకు అప్పుడు తెలిసొచ్చింది. ఆనందరావు కిసుక్కున నవ్వాడు. "తారీఖు, టైము, సాక్షులతో సహా ఒప్పుకున్నారు సార్," అంటూ ఆయిలు చేతులతోనే కలం తీశాడు.

లూదియా మాత్రం నవ్వలేదు. "రెండా? మాకు దొరికింది ఒకటే అప్పా."

ఆమె ఛాంబరు ముందు మోకాళ్ల మీద కూర్చుంది. మసి గుడ్డతో మూల తుడిచింది. తెగిన తీగకు జానెడు దూరంలో ఇంకో తీగ మొన ఉంది. ఇది తెగింది కాదు. కటింగ్ ప్లయరుతో నున్నగా కత్తిరించింది. గురువారం పన్నెండున్నరకూ, మేస్త్రీ కొత్త ఆయిలు పోసిన శుక్రవారం నాలుగింటికీ మధ్య ఇంకెవరో ఈ కారు కిందికి దూరారు. రెండో పొట్లం తీసుకుని, మొదటిదాన్ని చూడకో, చూసి వదిలేసో, బోల్టులు బిగించి వెళ్లిపోయారు.

దావీదు మెట్టు మీద కూలబడ్డాడు. ఇప్పుడు ఆ గొంతులో ఇన్‌స్పెక్టరు దర్పం లేదు.

"అమ్మా, దొరికినది నాది. ఒప్పుకుంటా. ఆ రెండోది నాది కాదు. దాని ఆసామి నా వెనక లారీలో వస్తాండాడు. ముగ్గురు మనుషులుండారు. రెండో పొట్లం లేదంటే నమ్మేవాడు కాదు వాడు. నన్ను అడగడు. ఈడ ఉన్నోళ్లందర్నీ అడుగుతాడు."

దూరంగా, మెయిన్ రోడ్డు మలుపులో లారీ హారను మోగింది.

లూదియా లేచి చేతులు దులుపుకుంది. "మేస్త్రీ, ఛాంబరు బిగించి ఆయిలు పోయడానికి ఎన్ని నిమిషాలు?"

"పన్నెండు."

"ఎనిమిదిలో కానీ. ఆనందరావు గారూ, ఇంటి ముందు గేటుకు తాళం వేసి చెవి డాక్టరుగారికి ఇవ్వండి. తరవాత బూడిదలోని రాళ్లు మూటగట్టి, ఈ దావీదునీ, జీవమ్మనూ తీసుకుని దొడ్డిదారిన నడిచి పోలీసు స్టేషనుకు పోండి. మేస్త్రీ, బిగించినంక నువ్వూ అదే దారి."

"మరి మీరు?"

ఆమె అప్పటికే ఎర్రకారు తలుపు తీసింది. బుడేన్ కారు కింద బోల్టులు తిప్పుతుండగానే లారీ ఈసారి వీధి మొదట్లో హారను కొట్టింది. మత్తయి చేతి తొడుగులు వేసుకుంటూ, అరవై రెండేళ్లనూ ఎక్కడో పారేసుకున్నవాడిలా నవ్వుతున్నాడు.

"వాడికి కావలసింది ఈ కారు," అంది లూదియా. "దీని వెంటబడితే మిమ్మల్నెవర్నీ అడగడు. పట్టుకోమందాం. డాక్టరుగారూ, దొడ్డి గేటు వెడల్పు ఈ బండికి సరిపోతుందా?"

"సరిపోదమ్మా," అన్నాడు మత్తయి సంతోషంగా. "ముందు గేటు నుంచే పోవాల."